తగ్గించి పాడిన గొంతు

దీనాకు కోపమొస్తే ఆపడం బ్రహ్మతరం కాదని బోరబండలో వాళ్ల చర్చి వాళ్లందరికీ తెలుసు. ఒకప్పుడు ఆ కోపమే ఆమె చేత పాడించేది. కాలేజీ రోజుల్లో సృజన్ గిటారు, లియో డ్రమ్స్, ఈమె గొంతు కలిసి ‘చిచ్చుబుడ్డి’ అని ఒక రాక్ బ్యాండ్ అయింది. ఒక్క ఆల్బమ్ వచ్చింది. కుర్రకారు ఊగిపోయారు. రెండోది మొదలుపెట్టేలోగా సృజన్‌కు సినిమాకి సంగీతం చేసే అవకాశం తగిలింది, బ్యాండ్ గాలికి పోయింది.

ఆ తర్వాత దీనా ఫిల్మ్ నగర్‌లో ట్రాక్ సింగర్ అయింది. పేరున్న గాయని విని నేర్చుకోవడానికి ముందుగా పాట పాడిపెట్టే మనిషన్నమాట. ఆవిడ వచ్చి పాడగానే ఈమె గొంతు తీసేస్తారు. ఈ పనికొక మర్యాద ఉంది. స్వరం తప్పకూడదు, మాట స్పష్టంగా ఉండాలి, ప్రాణం మాత్రం పెట్టకూడదు. అది వచ్చే ఆవిడ కోసం వదిలేయాలి. ఈ మర్యాద నేర్పింది సాక్షాత్తూ సృజనే. తన మొదటి సినిమాకి పిలిచి, కొంచెం తగ్గించి పాడు, లేకపోతే ఆవిడ నొచ్చుకుంటుందని బతిమాలాడు. స్నేహితుడు కదా అని తగ్గించింది.

సినిమాలు వరసగా బోల్తా కొట్టాక అయ్యగారికి ఇప్పుడు బ్యాండ్ గుర్తొచ్చింది. జూబ్లీహిల్స్‌లో తన స్టూడియోకి ఇద్దరినీ పిలిచి, మళ్లీ ఆల్బమ్ చేద్దామన్నాడు. దీనా ఎగిరి గంతేసింది. ఈసారి తన గొంతు తన పేరుతో నిలుస్తుంది, ఎవరూ వచ్చి తుడిచెయ్యరు. ఆమెకు కావలసిందల్లా అదే.

పాట మాత్రం లేవలేదు. ఎన్నిసార్లు పాడినా శ్రుతి శుద్ధంగా ఉంది, ఉప్పూకారం లేదు. లియో డ్రమ్స్ పగిలిపోయేలా వాయిస్తుంటే ఈమె పాఠం అప్పజెప్పినట్టు పాడుతోంది. సృజన్ విసుక్కున్నాడు, బుజ్జగించాడు, చివరికి వేరే అమ్మాయిని చూద్దామా అని నసిగాడు.

“ఎవరి కోసమో పాడుతున్నట్టుంది దీనా. నీ పాటలా లేదు.”

దీనాకు ఒళ్లు మండిపోయింది. “తగ్గించమన్నది నువ్వే కదా? తగ్గించీ తగ్గించీ నేనే మిగల్లేదు. ఇప్పుడు పెంచమంటే ఎక్కణ్ణించి తేను?”

సృజన్ ఫోన్ తీసి చూసుకున్నాడు. అది ఇంకా మండించింది. లియో డ్రమ్ పుల్లలు చేతిలోకి తీసుకుని, “గదే కోపం మీద పాడు. నేను కొడ్త” అన్నాడు.

పాడింది. రెండో చరణంలో గొంతు చీలింది. అయినా ఆగలేదు. పాట అయ్యాక సృజన్ కళ్లు తుడుచుకుని, అద్భుతం, ఆ చీలిన ముక్క ఒక్కటీ కంప్యూటర్‌లో సరిచేస్తానన్నాడు.

“ముట్టుకుంటే నా పేరు తీసెయ్.”

జనం నవ్వుతారని సృజన్ గొణిగాడు. అయితే తన పేరు కూడా తీసెయ్యమన్నాడు లియో. సృజన్ కీబోర్డు మీంచి చెయ్యి తీశాడు. పాట పాడినట్టే ఉండిపోయింది.

దీనా ఆటోలో ఇంటికి బయల్దేరింది. గెలిచింది కాబట్టి కోపం దిగాలి. దిగలేదు. యూసుఫ్‌గూడ సిగ్నల్ దగ్గర ఒక కొట్లో సినిమా పాట మోగుతోంది. దానికి ట్రాక్ పాడింది తనే. పెద్ద గాయని గొంతు విప్పి హాయిగా పాడేస్తోంది. ఆ పాటకు సంగీతం సృజన్‌ది కాదు. తగ్గించమని ఎవరూ చెప్పలేదు. సృజన్ అడిగింది ఒక్క సినిమాకే. మిగతా పాటలన్నిటికీ ఎవరూ అడక్కుండా తనే తగ్గించుకుంది. ఇందుకు ఎవర్ని తిట్టాలో ఆమెకు తోచలేదు.