కింద నుంచే తట్టి చూసిన పోర్టికో

పాత ప్రభుత్వ కట్టడాలను తనిఖీ చేసి, అవి ఇంకా వాడకానికి పనికొస్తాయో లేదో రాసివ్వడం నా ఉద్యోగం. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల నేను తట్టి చూడని గోడ తక్కువ. ఎక్కువగా రాతి గోడల ఆఫీసులు, పెంకుల బడులు. వాటి మీద నాకు మమకారమంటూ ఏమీ ఉండేది కాదు. పూతలపట్టు దాటాక ఒక కాలేజీలో ఉన్న సభాభవనం సంగతి మాత్రం వేరు.

దాన్ని అరవైల్లో కట్టారు. కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి పరిచినట్టుండేది కప్పు. మందం జానెడు కూడా ఉండదు. నాలుగైదు వందల మంది కూర్చునే హాలు, లోపల ఒక్క స్తంభం లేదు. ఆ మడతే దాని బలం. పక్క గోడల్లో కిటికీలకు బదులు సిమెంటు జాలీలు, వాటిలోంచి ఎండ గళ్లు గళ్లుగా నేల మీద పడేది. ముందువైపు పోర్టికో స్లాబు కింద ఏ ఆసరా లేకుండా, గోడలోంచి చాచిన చెయ్యిలా చాలా దూరం ముందుకొచ్చి ఉండేది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా మాస్టారు మమ్మల్ని తిరుపతి నుంచి బస్సులో తీసుకొచ్చి, ఆ హాల్లో అందరినీ వెల్లకిలా పడుకోమన్నారు. "అప్పుడు ఇనుముకూ కరువే, సిమెంటుకూ కరువే. ఉన్న కాస్తతో ఏం కట్టినారో చూడండి" అన్నారు. ఆ రోజు నేను కప్పు చూస్తూ ఎంతసేపు పడుకున్నానంటే, బస్సు కదిలే ముందు నా కోసం మనిషిని పంపారు.

తనిఖీకి వెళ్లింది ఒక ఆగస్టులో. ప్రిన్సిపాల్ బల్ల మీద అప్పటికే మూడంతస్తుల కొత్త భవనం ప్లాను ఉంది. "ప్రమాదకరం అని ఒక్క మాట రాసిచ్చేయండి మేడం. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడాయన. నాకు ఒళ్లు మండింది. సుత్తి తీసుకుని బయటికి వచ్చేశాను.

హాలు చూపించింది అక్కడి స్వీపరు. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఆయన పనిలోనే చేరి, ఇరవై ఏళ్లుగా ఆ హాలు ఊడుస్తోంది. ఏ మడత ఎంత వానకు కారుతుందో ఆమెకు తెలుసు. రాలిపడిన సిమెంటు పెచ్చులన్నీ ఒక సంచిలో పోసి దాచింది.

"ఎవురన్నా వచ్చి అడిగితే సూపించల్ల గదా అని పెట్టినా" అంది.

మడతల అంచుల్లో చువ్వలు తుప్పుపట్టి బయటపడి ఉన్నాయి. సుత్తితో తడితే కొన్నిచోట్ల డొల్ల శబ్దం వచ్చింది. అయినా చాలా భాగం గట్టిగానే పలికింది. బాగు చెయ్యొచ్చు. ఆ మాట మనసులో అనుకోగానే నాకు సంతోషం కలిగింది. అది దాచుకోవడం కూడా కష్టమైంది.

పోర్టికో దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆమె దాని కిందికి రాలేదు. మెట్ల పక్కన ఎండలోనే నిలబడింది.

"ఇది బాగుండాదా మేడం? వాన వస్తే మూడు దినాలు దీని మింద నీళ్లు నిలబడే ఉంటాయి. నాకు దీని కింద కూసోవాలంటే బయం."

కింద నుంచి నాలుగైదు చోట్ల తట్టి చూశాను. ఒక్క పగులు లేదు. "కప్పు కన్నా ఇదే బాగుందక్కా" అన్నాను.

అలా చాచిన స్లాబును పట్టి ఉంచే ఇనుము దాని పైభాగంలో, గోడ దగ్గర ఉంటుంది. అది తుప్పు పడితే కింద నుంచి ఏమీ తెలియదు. ఈ సంగతి చదువుకునే పిల్లలకు కూడా తెలుసు. కాలేజీలో ఉన్న నిచ్చెన పొట్టిది. పొడుగుది తెప్పించి మరునాడు పైకెక్కి చూడొచ్చు. చూడలేదు. పైన ఏదైనా కనిపిస్తే అది రాయక తప్పదు. రాస్తే భవనమంతా మూసేస్తారు, మూసేస్తే కూల్చేస్తారు. ఎంతో కొంత భాగం వాడకంలో ఉంటే కూల్చడం అంత సులువు కాదు. ఇదంతా నేను అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు. కానీ నిచ్చెన మాత్రం తెప్పించలేదు.

మరమ్మతు అయ్యేదాకా హాలు మూసి ఉంచాలని, మరమ్మతు చేస్తే కప్పు నిలుస్తుందని, ఈలోగా పోర్టికోను వాడుకోవచ్చని రాసి సంతకం పెట్టాను.

నవంబరులో తుపాను వాన మూడు రోజులు విడవకుండా కురిసింది. వెలిసిన మరునాడు ఉదయం పదిగంటలప్పుడు ప్రిన్సిపాల్ ఫోను చేశాడు. "మేడం, పోర్టికో పడిపోయింది. మా స్వీపరు దాని కింద ఉండింది."

నేను వెళ్లేసరికి ఆమెను తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. స్లాబు గోడ దగ్గర కోసినట్టు విరిగి ఉంది. వేలెడు లావుండాల్సిన చువ్వలు చీపురు పుల్లల్లా అరిగిపోయి ఉన్నాయి. పైన ఏళ్ల తరబడి పోసిన తారు, సున్నం పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. నీళ్లు పోయే గొట్టంలో ఆకులు కుక్కినట్టున్నాయి. ఒక్కసారి పైకెక్కి ఉంటే ఇవన్నీ కనిపించేవి.

ఆమె కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. నాలుగో రోజు నేను ఆసుపత్రికి వెళ్లాను. మంచం పక్కన ఆమె చెల్లెలు కూర్చుని ఉంది. స్వీపరు నన్ను గుర్తుపట్టింది. నేను అడగకుండానే తానే చెప్పడం మొదలుపెట్టింది.

"హాలు మూసినాక నా సామాను యాడ పెట్టుకునేదని గుమస్తాను అడిగినా. మీరు రాసిన కాయితం సదివి చెప్పినాడు. పోర్టికో వాడుకోవచ్చునని ఉండాదంట. ఇంజనీరమ్మే రాసినాక నాకేం బయమనుకున్నా. సాపా, క్యారియరూ, చీపుర్లూ అన్నీ ఆడికే మార్చుకున్నా."

"నేను పైకెక్కి చూడలేదక్కా" అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. "ఎక్కింటే తెలిసేదా?"

"తెలిసేది."

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. చెల్లెలు లేచి నిలబడి, "ఇంక పోండి మేడం" అంది.

విచారణలో తుపాను వాన వల్ల కూలిందని తేల్చారు. నేను చేసినదీ, చెయ్యనిదీ ఒక కాగితం మీద రాసి మా పైఅధికారికి ఇచ్చాను. ఆయన మొత్తం చదివాడు. కోపమేమీ లేకుండా, "వాన అని రాసేసినారు గదమ్మా. ఇది ఇంటికి తీసకపో" అన్నాడు. నేను దాన్ని ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను. తర్వాత దాని గురించి ఆయన మాట్లాడలేదు. నేనూ అడగలేదు. నాకు ఏ శిక్షా పడలేదు.

జనవరిలో హాలు కూల్చారు. పోర్టికో పడ్డాక ఇంకేదీ నిలుస్తుందని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది; కూల్చొచ్చునన్న కాగితం మీద సంతకం కూడా నాదే. రెండు రోజుల్లో అయిపోతుందనుకున్న పని తొమ్మిది రోజులు పట్టింది. యంత్రం ఎంత కొట్టినా ఆ మడతలు ఓ పట్టాన విరగలేదు. "ఇంత గట్టిగా ఉంటుందని అనుకోలేదు మేడం" అన్నాడు ప్రిన్సిపాల్, కొంచెం సిగ్గుపడుతూ. కప్పు విషయంలో నేను రాసింది నిజమే. ఆ నిజం ఎవరికీ పనికిరాలేదు.

ఆ తర్వాత నేను ఏ పాత కట్టడాన్నీ వాడుకోవచ్చని రాయలేదు. తిరుపతిలో అదే కాలంలో కట్టిన ఒక గుండ్రటి లైబ్రరీ ఉండేది. మధ్యలో తిరుగుడు మెట్లు, చుట్టూ సన్నటి సిమెంటు పలకలు. నా కింద పనిచేసే అమ్మాయి, "రెండు దినాలు టైమివ్వండి మేడం, పైకెక్కి అంతా చూసొస్తా" అని అడిగింది. వద్దన్నాను. చూడకుండానే మూసెయ్యమని రాశాను. ఆ అమ్మాయి నన్ను ఎలా చూసిందో నాకు గుర్తుంది. అప్పుడు చూడకుండా బాగుందన్నాను, ఇప్పుడు చూడకుండా బాగాలేదన్నాను. తేడా ఏమిటో ఆమెకు చెప్పలేకపోయాను.

మరుసటి వేసవిలో సత్యవేడు దగ్గర, స్వీపరు ఉంటున్న ఆమె చెల్లెలి ఊరికి వెళ్లాను. ఆమె ఇంటి ముందు చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. చంక కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. నన్ను కూర్చోమంది. చెల్లెలు నీళ్లు తెచ్చింది.

"హాలు ఏమైంది?" అని చాప మీద నుంచే ఆమె అడిగింది.

"కూల్చేశారు."

"అంతానా?"

"అంతా."

కాసేపు కాయలు ఒలిచింది. "ఇరవై ఏండ్లు ఊడ్సినా దాన్ని" అంది.

నేను క్షమించమని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. గొంతు పెంచలేదు.

"మేడం, మిమ్మల్ని సూస్తే అది మళ్లా నా మింద పడినట్టుంటాది. చెప్పుకుంటే మీకు తేలికవతాదేమో, నాకు కాదు. ఇంక రావద్దండి."

నీళ్లు తాగి లేచాను. రోడ్డు దాకా చెల్లెలు తోడు వచ్చింది. బస్సు గంట సేపు రాలేదు. ఆమె కూడా నా పక్కనే నిలబడి, నేను బస్సు ఎక్కాక వెనక్కి వెళ్లింది. ఆ ఊరికి నేను మళ్లీ వెళ్లలేదు.