సాబ్ తండ్రి విమానాల దండు

నీ కథ ఇంతకు ముందే ఎందుకు రాయలేదని మహిళా సంఘంలో మాకు చదువు చెప్పే అమ్మాయి అడిగింది. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక. అంతవరకూ నా చేతికి అంట్లు తప్ప కలం తగల్లేదు. కానీ చరిత్ర ఎలా రాస్తారో మాత్రం ముందే చూశాను. సౌదీలో, ఖోబర్‌లో నేను వంట చేసిన జర్మన్ సాబ్ ఒకటి రాసేవాడు.

పాత యుద్ధంలో ఆయన తండ్రి యుద్ధ విమానం నడిపాడట. ఆ విమానాల దండు చరిత్రే పుస్తకం. భోజనాల బల్ల నిండా బొమ్మ విమానాలు బారులు తీరి ఉండేవి. వాటిని కదపకూడదు కనుక సాబ్ నిలబడి తినేవాడు. సాబ్ భార్య ముందే జర్మనీ వెళ్ళిపోయింది, తెలివైన మనిషి. ఏ విమానం ఏ పొలంలో కూలిందో సాబ్ నాకు చూపించి చెప్పేవాడు. లోపలి మనుషులేమయ్యారని అడిగితే, దండు లెక్కల్లో విమానాలే ఉంటాయన్నాడు. చివరికి ఎవరు గెలిచారన్నాను. ఓడిపోయామన్నాడు. ఓడినందుకే ఇంత లావు పుస్తకం. గెలిచి ఉంటే ఆ బల్ల చాలేది కాదు.

అప్పుడే నితాకత్ అనే కొత్త చట్టం వచ్చింది. సౌదీ పనివాళ్ళు తక్కువున్న కంపెనీలకు ఎర్ర రంగు వేశారు. పరాయి దేశపు మనిషికి తలకింత లెవీ కట్టాలన్నారు. కంపెనీ సాబ్‌కు ఎగ్జిట్ కొట్టి దేశం వదలమంది. నేను అక్కడ ఉండడానికిచ్చిన కార్డు, ఇకామా, ఆయన పేరున ఉంది. ఆయన వెళ్ళేలోగా తన ఫోన్‌లో బదిలీకి ఒప్పుకుంటేనే నేను, నన్ను పనికి పెట్టుకుంటానన్న అజీజియా పేటలోని కొత్త మేడమ్ పేరు మీదికి మారతాను. లేదంటే నేనూ ఇంటికే. ఊళ్ళో మా ఆయన డయాలసిస్ నా జీతం మీదే నడుస్తోంది. రోజూ అడిగాను. ఈ అధ్యాయం అయ్యాక అనేవాడు.

కంపెనీ డ్రైవర్‌ది జగిత్యాల.

"నీ సాబ్ ఇంక గాల్లనే ఉన్నడక్కా. కిందికెప్పుడు దిగుతడట?"

"దిగుడేంది తమ్ముడూ, రేపు పొద్దుగాల మల్ల జర్మనీ ఇమానం ఎక్కుతడు" అన్నాను.

ఆ సాయంత్రం కూడా సాబ్ రాస్తూనే ఉన్నాడు. దండును శత్రువు ఆపలేకపోయాడని, పెట్రోలు లేకే ఆగిందని గర్వంగా చెప్పి కాఫీ అడిగాడు. నేను స్టవ్ ఆర్పేశాను.

"కాఫీ ఖలాస్, సాబ్. ముందు ఫోన్."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోన్ తీసి నొక్కాడు. నెలల తరబడి అడిగిన పని కాఫీ నీళ్ళు చల్లారేలోపే అయిపోయింది. కాసేపటికి మేడమ్ కూడా ఒప్పుకున్నట్టు కబురొచ్చింది.

"ఇంతేనా?" అన్నాడు సాబ్.

ఇంతే అని స్టవ్ వెలిగించాను.

మర్నాడు పొద్దున డ్రైవర్ నన్ను అజీజియాలో దింపి సాబ్‌ను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాడు. విమానాల పెట్టె సాబ్ ఒళ్ళోనే ఉంది. కొత్త మేడమ్ మెట్లు కడగమంది. కడిగాను.