గుంతల రోలర్‌ను తోమిన దసరా

తార్నాకలో నేను పనిచేసిన లేబుళ్ల ప్రెస్సులో అందరికంటే ఎక్కువ మర్యాద ఒక రోలర్‌కు దక్కేది. మాకెవ్వరికీ కుర్చీ లేదు. దానికి మాత్రం పాత దుప్పటితో కుట్టించిన ముసుగు ఉండేది. సేటు బొంబాయిలో పాత మిషను కొన్నప్పుడు దాంతోపాటు వచ్చింది. కాగితాల్లో దాని పేరు అనిలాక్స్. అంత పేరు పలికే ఓపిక మాకెవ్వరికీ లేక గుంతల రోలర్ అనేవాళ్లం.

నిజంగానే దాని ఒంటినిండా గుంతలు. కంటికి ఆనవు, గోరుతో గీస్తే గరగరమంటాయి. గసగసాల గింజ కూడా పట్టనంత చిన్నవి. తొట్టిలోంచి ఒక రబ్బరు రోలర్ ఇంకు తెచ్చి దీనికి పూస్తుంది. ప్రతి గుంతా తనకు పట్టినంత ఇంకు పట్టుకుని, అక్షరాలున్న రబ్బరు అచ్చుకు అందిస్తుంది. గుంతలన్నీ ఒకే లోతు కాబట్టి లేబుళ్లన్నీ ఒకే రంగు. పాలవాడు అందరికీ ఒకే గిద్దతో కొలిచి పోసినట్టే, కాకపోతే నీళ్లు కలపడం దీనికి చేతకాదు.

ఈ జ్ఞానమంతా నాకు తర్వాత వచ్చింది. ముందే వచ్చుంటే అంత గొడవ జరిగేదే కాదు.

అరవైల చివరి మాట. నాకప్పుడు ఇరవై ఏళ్లు. సీతాఫల్‌మండిలో ఒక గదిలో అమ్మా నేనూ ఉండేవాళ్లం. అమ్మ యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో గిన్నెలు తోమేది. గిన్నెలంటే మనిషి దిగి కూర్చోగలిగే గిన్నెలు. "మొగం కనవడకుంటే తోమినట్టే గాదు" అనేది. నేను కూడా రెండేళ్లు ఆమె పక్కన కూర్చుని తోమాను. వేళ్ల సందులు పుండ్లు పడ్డాయి. ఆ తర్వాత తార్నాకలో ఈ పని దొరికింది. లేబుళ్లు కత్తిరించి కట్టలు కట్టాలి, అంతే. పైగా నెత్తిమీద ఫ్యాను! ఇక చచ్చినా చింతపండూ ఇటుకపొడీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు ఆరు నెలలు కూడా నిలవలేదు.

మిషను నడిపేది మిస్త్రీ. యాభై దాటిన బక్కమనిషి. నోట్లో బీడీ లేకపోతే తిట్టు ఉండేది. స్పిరిట్ ఇంకు దగ్గర బీడీ వెలిగిస్తే అందరం కట్టకట్టుకుని పైకి పోతామని సేటు మొత్తుకునేవాడు. అందుకని గంటకోసారి రోడ్డు మీదికి పోయి తాగొచ్చి, వచ్చీ రాగానే నన్ను తిట్టేవాడు. కట్ట వదులైతే తిట్టు, బిగుతైతే తిట్టు. నేను మాత్రం ఊరుకుంటానా? "బీడీ ఉంటెనే నయ్యం కాకా, నోరన్న మూసుకుంటవ్" అనేదాన్ని.

దసరా ముందురోజు ఆయుధపూజకని అన్నీ కడుగుతున్నాం. మిస్త్రీ గుంతల రోలర్‌ను విప్పి గోనెసంచి మీద పెట్టి, పూలకూ గుమ్మడికాయకూ అంబర్‌పేట్ పోయాడు. పోతూ పోతూ "రోలర్ జోలికి పోకు" అని చెప్పానని తర్వాత అన్నాడు. అబద్ధం. చెప్పలేదు.

ముసుగు లేకుండా దాన్ని దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. అంతా ఇంకు ఎండి నల్లగా ఉంది. ఒక కొసన తెల్ల పూత అరిగిపోయి లోపలి రాగి బయటపడింది. నా కంటికి అది రోలర్‌లా కనిపించలేదు, మసిపట్టిన రాగి బిందెలా కనిపించింది. రాగి కనిపిస్తే మా ఇంటి చేతులు ఊరుకుంటాయా! పక్కింట్లో చింతపండు అడిగి తెచ్చాను, గోడ కింది ఇటుక ముక్క దంచాను, కొబ్బరి పీచు పట్టుకుని కూర్చున్నాను. గంటసేపు తోమాను. రాగి కనిపించిన కొసను మరీ ఇష్టంగా తోమాను. చివరకు అందులో నా ముఖం కనిపించింది. అమ్మ ఇక్కడ ఉంటే చూసి మురిసేదే అనుకున్నాను.

మిస్త్రీ వచ్చి చూసి, "ఇయ్యాల జర మనిషి లెక్క పనిజేసినవ్" అన్నాడు. స్పిరిట్ గుడ్డతో తుడిచాననుకున్నాడు కాబోలు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. మర్నాడు పూజలో దానికి పసుపు పూసి ఈ కొస నుంచి ఆ కొసకు కుంకుమబొట్లు పెట్టాడు. తర్వాత స్పిరిట్ గుడ్డతో తుడిచి మిషనుకు ఎక్కించాడు.

తలనూనె సీసాల లేబుళ్లు, నీలం రంగు. కాగితం ఒక అంచున ముదురు నీలం పడింది. రెండో అంచుకు వచ్చేసరికి ఉతికి ఉతికి వెలిసిన లుంగీ. సేటు మొదట ఇంకు మంచిది కాదన్నాడు. తర్వాత వాన చెమ్మ అన్నాడు. ఆ తర్వాత దిష్టి అని మిషనుకు నిమ్మకాయలు కట్టాడు. నాకు మాత్రం మొదటి రోజే తెలిసిపోయింది. వెలిసింది నేను మురిపెంగా తోమిన కొసే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కట్టలు కట్టాను. నోరు విప్పితే మళ్లీ మెస్సు గిన్నెలే గతి.

చిత్రమేమిటంటే మిస్త్రీ కూడా మాట్లాడటం మానేశాడు. బీడీ మానేశాడు. ఏమైందంటే దగ్గు అన్నాడు. ఆఖరికి నన్ను తిట్టడం కూడా మానేశాడు. పొద్దంతా తిట్టు పడకపోతే నాకు అన్నం అరగలేదు.

మూడు వారాలు చూసి సేటు, యూనివర్సిటీ ఇంజనీరింగ్ వర్క్‌షాపులో తనకు తెలిసిన లెక్చరర్ ఉన్నాడని, రోలర్ అక్కడికి తెమ్మన్నాడు. తను స్కూటర్ మీద పోయాడు. రోలర్‌ను ముసుగుతో సహా రిక్షాలో పడుకోబెట్టాం. రోలర్‌కు సవారీ, మాకు నడక. క్యాంపస్ రోడ్డు మీద ఒక విద్యార్థి సైకిల్ దిగి, "ఎవరు పోయిండ్రు?" అని మెల్లగా అడిగాడు. మామూలుగానైతే మిస్త్రీ వాడి ఏడు తరాలను కడిగేవాడు. ఆరోజు తలదించుకుని నడిచాడు.

లెక్చరర్ ముసుగు తీసి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"లోపల ఇనుము, మీద రాగి. రాగి మెత్తది గనక ఉక్కు చక్రం ఒత్తి గుంతలు పొడుస్తరు, మీదికెళ్లి క్రోమియం పూత వేస్తరు. మీ పూత ఈ దిక్కు ఎప్పుడో అరిగింది. గుంతల గోడలు సగం లేవు. ఉన్నవాట్ల ఏదో ఎర్రపొడి ఇరుక్కున్నది. ఏందిది?"

సేటు మా వైపు తిరిగాడు. "ఎవరు జేసిండ్రో, రేపటిసంది నా గడప తొక్కొద్దు."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఈలోగా మిస్త్రీ ముందుకొచ్చాడు.

"నేనే సేటూ. పూజనాడు బొట్లు వెట్టిన. కుంకుమ గుంతలల్ల వోయింది. అమ్మవారికి కోపమొచ్చిందని, రోలర్ మంచిగయ్యేదాంక ముట్టనని బీడీ గుడ ఇడిసిన."

కుంకుమ స్పిరిట్‌తో ఎప్పుడో పోయింది. నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నోరు మూసుకుంటే ఫ్యాను నాది, కట్టలు నావి. ముప్పై ఏళ్లు మిషన్ల దగ్గర నల్లబడిన ఆయన వేళ్లు అంగీ కొసను నలుపుతున్నాయి. నాకు సిగ్గేసింది.

"కుంకుమ గాదు సేటూ, ఇటుకపొడి. నేనే తోమిన. చింతపండు వెట్టి."

లెక్చరర్ భూతద్దం దించాడు. "చింతపండా? ఎంతసేపు తోమినవమ్మా?"

"గంట, సార్."

"మంచిగనే తోమినవ్" అన్నాడు.

సేటు నోరు తెరిచేలోపు మిస్త్రీ నోరు తెరిచాడు. మూడు వారాల నుంచి మూతపడ్డ నోరు.

"ఇరవై రెండు దినాలే! ఇరవై రెండు దినాలు బీడీ ముట్టలే! అన్నం సయిస్తలేదు, కన్ను మూస్తె కలల బీడీలొస్తున్నయ్! నువ్వేమో ఏమెరగని నంగనాచి లెక్క కట్టలు గట్టుకుంట కూసున్నవా?"

లెక్చరర్ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. సేటు నవ్వలేదు. "పిల్లా, రేపటిసంది రాకు" అన్నాడు.

నేను తలూపాను. తప్పు నాదే, ఏమని అడుగుతాను? మిస్త్రీ మాత్రం సగం తిట్టులో ఆగిపోయాడు.

"గదెట్ల సేటూ? ఇది పోతే నేనెవల్ని తిట్టాలె? నా తిట్లింక ఒడవనే లేదు. పూత అరిగింది నాకు యాడాదిసంది ఎర్క, నీకు జెప్పలే. తీసేస్తె ఇద్దర్ని దీసెయ్."

ఆ మిషను నడపడం తార్నాకలో ఇంకెవరికీ రాదు. ఆ సంగతి సేటుకూ తెలుసు. మమ్మల్ని ఇద్దర్నీ కాసేపు గుడ్లురిమి చూశాడు. మళ్లీ రాగి ఎక్కించి, చక్రం తెప్పించి లేతు మీద గుంతలు పొడవడానికి నెల పడుతుందని లెక్చరర్ అంటే సరేనన్నాడు. "ఈ పిల్లకు చింతపండు కనవడనియ్యకు" అని మిస్త్రీతో చెప్పి స్కూటర్‌కు కిక్కు కొట్టి పోయాడు.

రోలర్‌ను అక్కడే వదిలి ఇద్దరం నడిచాం. తార్నాకలో మొదటి పాన్‌డబ్బా దగ్గర మిస్త్రీ ఆగి బీడీ వెలిగించాడు. కళ్లు మూసుకుని మొదటి దమ్ము లాగాడు. కళ్లు తెరిచాక మొదలుపెట్టాడు. నా చేతుల్ని తిట్టాడు, నా పీచును తిట్టాడు, తోమడం నేర్పిన మా అమ్మను తిట్టాడు, పక్కింటివాళ్ల చింతపండును తిట్టాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ పక్కనే నడిచాను.

కాసేపటికి చూసి, "ఏందే, తిట్లు సాల్తలెవ్వా?" అన్నాడు.

"సాల్తలెవ్వు కాకా" అన్నాను.