‘లభ్యం కాలేదు’ అని రాసిన రోజు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. గది తాళం తీయకుండా, లోపల అడుగు పెట్టకుండా, ఒక రైతు దర్ఖాస్తు మీద ‘లభ్యం కాలేదు’ అని రాసి సంతకం పెట్టాను. పైగా రెండుసార్లు వెతికానని అబద్ధమాడాను.

తర్వాత జరిగింది చదివి నేను దయ్యాలను నమ్మేవాడినని అనుకోవద్దు. కడపలో చదువుకునే రోజుల్లో శ్మశానం గోడను ఆనుకుని ఉన్న గదిలో అద్దెకుండి హాయిగా నిద్రపోయినవాణ్ణి. ఈ ఒక్క సంగతి మాత్రం ఏ లెక్కలోనూ ఇమడలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. జిల్లా పడమటి దిక్కున ఒక తాలూకా కచేరీలో నేను రికార్డు గుమాస్తాను. పాత భూముల కాగితాలన్నీ గుడ్డ కట్టలుగా ఒక గదిలో ఉండేవి. ఎవరైనా నకలు అడిగితే నేను మూడు సంగతులు చూడాలి. కాగితం ఉందా? అడిగినవాడికి దాన్ని చూసే హక్కు ఉందా? ఉంటే చదవడానికి పనికొచ్చే స్థితిలో ఉందా? ఏది లేకపోతే ఆ కారణాన్నే రాయాలి. హక్కు లేదంటే పైఅధికారి అనుమతి తెచ్చుకుంటాడు, చెద తిన్నదంటే ఇంకో కచేరీలో ప్రతి వెతుక్కుంటాడు.

నేను అన్నిటికీ ఒకే మాట రాసేవాణ్ణి. ఆ మాట పట్టుకుని మనిషి ఎటూ పోలేడు. ఆ సంగతి నాకు తెలుసు.

కారణం రోత. ఆ గది నిండా గబ్బిలాలు. తలుపు తీస్తే ముక్కుపుటాలు మండే కంపు. కట్టల మీద పెంట, ఎలుకలు ఈనిన గూళ్లు, తడిసి కుళ్లిన గుడ్డ. అంతకు ముందటేడు ఒకసారి ముక్కుకు తువ్వాలు చుట్టుకుని లోపలికి పోయి, కట్టలను పైపైన చూసి, ఏవి బాగున్నాయో ఏవి చెదపట్టాయో ఒక జాబితా రాసుకున్నాను. అప్పటి నుంచి ఎవరేమడిగినా ఆ జాబితానే చూసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ గది కంటే, వక్కాకు నములుతూ కుర్చీలో కూర్చున్న నేనే ఎక్కువ రోతగా కనిపిస్తాను.

గది తాళం మీద కాగితం పట్టీ అంటించడం మా కచేరీ వాడుక. తాళం తీస్తే పట్టీ చిరుగుతుంది. మళ్లీ వేసినప్పుడు కొత్త పట్టీ అంటించి తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ రోజు తాళం మీదున్న పట్టీ పదకొండు నెలల కిందటిది. తాళంచెవి నా మొలతాడుకే ఉండేది.

పొద్దున ఈరన్న అనే రైతు వచ్చాడు. అతని నాలుగెకరాల నల్లరేగడి తనదేనని పక్క చేను ఆసామి దావా వేశాడు. మరునాడే వాయిదా. ఈరన్న తండ్రి పేర ఇచ్చిన పాత పట్టా నకలు చూపిస్తే చేను నిలుస్తుంది, లేకపోతే పోతుంది. దర్ఖాస్తుకు నంబరు వేసి జాబితా చూశాను. ఆ ఊరి కట్టకు ఎదురుగా ‘చెద’ అని ఉంది. ఎప్పటి మాటే రాసిచ్చాను.

“లోపలికి పోనేలేదు, లేదంటాండావే సామీ?” అన్నాడు.

“నిన్న రెండుసార్లు వెతికినాను.”

“నిన్న నేను అర్జీ ఇయ్యనేలేదు గదా సామీ!”

పక్కనున్న బంట్రోతు ఖాదర్ నవ్వాడు. నాకు ఒళ్లు మండి, బయటికి పొమ్మన్నాను.

గంట తర్వాత ఈరన్న మళ్లీ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఉండాదంటివి గదా సామీ, తీసియ్యి మల్ల.”

“ఎవరన్నారు ఉందని?”

“నువ్వే గదా! కచేరీ ఎనకాల నీడకు కూసుంటే, కాగితాల గది కిటికీ కాడికి పిలిచి చెప్తివి. మూడో బీరువా, అడుగు అర, గోడ పక్క కట్ట అంటివి. నీ చేతులకంతా మోచేతుల దాంక గబ్బిలాల పెంట. పాపం, శానా కష్టపడినాడే అనుకుంటి.”

నేను ఆ గంటసేపూ కుర్చీ దిగలేదు. ఖాదర్ నా ఎదురుగానే కూర్చుని లక్కముద్రలు వేస్తున్నాడు. “సామి ఈడనే ఉండాడప్పా, యాడికీ పోలేదు” అని అతనే చెప్పాడు. నేను చేతులు చాపి చూపించాను. శుభ్రంగా ఉన్నాయి. ఈరన్న నా చేతులు చూశాడు, ముఖం చూశాడు. ఆ వెలుగు ఆరిపోయింది.

నేను తగ్గలేదు. అబద్ధాలాడి రికార్డు కాజేయాలని చూస్తున్నావు, పోలీసులకు పట్టిస్తానని అరిచాను. అతను తలగుడ్డ దులుపుకుని లేచాడు.

“లోపల నువ్వు శానా మంచోడివి సామీ. బయట నువ్వే బాగలేవు.”

ఆ మాట అని బస్సుకు పోయాడు.

అతను అబద్ధాలకోరని ఖాదర్ ముందు రుజువు చేయాలనే గది తెరిచాను. అంతకు మించి మంచి ఉద్దేశం ఏమీ లేదు. పట్టీ చిరగకుండా ఉంది, సంతకం నాదే. ఖాదర్ కూడా చూశాడు. లోపల నేల మీద ధూళి మందంగా ఉంది, ఒక్క అడుగుజాడ లేదు. కిటికీకి అడ్డంగా ఎత్తైన కట్టల అర ఉంది. దానికీ కిటికీకీ మధ్య మనిషి కాదు, చేయి కూడా పట్టదు. ఈరన్న చూసింది ఎవరినైనా, అక్కడ నిలబడడానికి చోటే లేదు.

మూడో బీరువా అడుగు అరలో గోడ పక్క కట్ట మీద సాలెగూడు దట్టంగా ఉంది. చేత్తో తీసేసి కట్ట లాగాను. పెంట మోచేతుల దాకా అంటుకుంది. తలుపు దగ్గరికి పోయి వాంతి చేసుకుని మళ్లీ వచ్చాను. చెద తిన్నది పై గుడ్డను మాత్రమే. లోపలి కాగితాలన్నీ పదిలంగా ఉన్నాయి. ముందటేడు నేను గుడ్డ చూసి కాగితం సంగతి రాశానన్నమాట. పొరపాటు ఎక్కడ పుట్టిందో అక్కడ తెలిసింది.

ఈరన్న తండ్రి పట్టా ఆ కాగితాల్లోనే ఉంది. దాని మీద ఒక చీటీ. అందులో ఈరన్న పేరు, ఆ పొద్దునే నేను వేసిన దర్ఖాస్తు నంబరు, దాని కింద ‘ఉంది. ఇతనికి హక్కు ఉంది. చదవవచ్చు’ అని రాసి ఉంది. చేతిరాత నాది. కింద సంతకం నాది.

ఖాదర్‌కు చదువు రాదు. అయినా చీటీని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. నా ముఖం చూసి భయపడ్డానని తర్వాత చెప్పాడు. నేను మతిమరుపులో రాశానా అని ఎన్నోసార్లు ఆలోచించాను. కానీ ఆ నంబరు పుట్టి అప్పటికి రెండు గంటలే. పట్టీ వయసు పదకొండు నెలలు. సాలెగూడు వయసు ఎంతో నాకు తెలియదు.

ఆ సాయంత్రమే నకలు రాసి, మా పైఅధికారి శిరస్తాదారు ఇంటికి పోయి ముద్ర వేయించుకున్నాను. మరునాడు మొదటి బస్సు ఎక్కాను. దారిలో టైరు పగిలింది. కోర్టుకు చేరేసరికి తీర్పు అయిపోయింది. ఈరన్న వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

“ఇప్పుడొచ్చింది యా సామివి? లోపలోడివా, బయటోడివా?”

నకలు చేతిలో పెట్టాను.

తీర్పు తిరగదోడమని అతని వకీలు అర్జీ వేశాడు. కాగితం ముందే ఎందుకు చూపలేదో కారణం కావాలన్నారు. నేను వాంగ్మూలం రాసిచ్చాను: ‘గది తెరవలేదు. చూడకుండానే లేదని రాశాను. తప్పు నాది.’ పైవాళ్లు నా ఇంక్రిమెంటు ఆపారు. చూడకుండా రాసిన పాత దర్ఖాస్తులన్నీ బయటికి తీసి, ఒక్కొక్కటే గదిలో వెతికి, వాళ్లందరికీ కార్డులు రాశాను. కొందరికి అప్పటికే ఆలస్యమైంది. వాళ్ల జవాబులు ఇక్కడ రాయలేను.

ఈరన్న చేను తిరిగి వచ్చింది. కానీ ఈలోగా ఒక పంట కాలం దాటిపోయింది, చేను కంపలు మొలిచి బీడుపడింది. మరుసటి విత్తనాల ముందు నాలుగు రోజులు సెలవు పెట్టి ఆ ఊరికి పోయాను. నాకు సేద్యం రాదు. “నీ వల్లే మొలిచె, నువ్వే ఏరు” అని ఈరన్న ముళ్లకంప చూపించాడు. ఏరి గట్టున పోశాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె తింటున్నప్పుడు అడిగాడు.

“నిజం చెప్పు సామీ. ఆ పొద్దు లోపలుండింది ఎవరు?”

తెలియదన్నాను. అతను నమ్మలేదు. రొట్టె ముగించి, మళ్లీ కంప ఏరడానికి లేచాను.