బోర్లా పడుకుంటేనే సినిమా

2020, ఆగస్టు. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి కోవిడ్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. తల నుంచి కాళ్ల దాకా కప్పే పీపీఈ కిట్ వేసుకుంటే మా మొహాలు కనిపించేవి కావు. అందుకని వీపు మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసుకునేవాళ్లం. లోపలికి బంధువులను రానిచ్చేవారు కాదు. పక్క మంచం ఖాళీ అయితే ఆ మనిషి ఏమయ్యాడని అడగడానికి కూడా రోగులు భయపడేవారు.

అప్పుడు మా చేతిలో ఉన్న మంచి ఉపాయం ప్రోనింగ్, అంటే రోగిని బోర్లా పడుకోబెట్టడం. ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి అంది ఆక్సిజన్ పెరుగుతుంది. చెప్పడం తేలిక, గంటసేపు అలా పడుకోవడం నరకం. సిరిసిల్లలో మరమగ్గం నడిపే సత్తయ్య ఐదు నిమిషాలకే లేచి మాస్కు పీకేసేవాడు. నలభై కూడా నిండని మనిషి.

"నన్ను ఇడిసిపెట్టుండ్రి సిస్టర్. సచ్చేదుంటే ఇంటికాడ్నే సస్త" అనేవాడు.

పక్క మంచం మల్లేశం గారిది. మెట్‌పల్లిలో ఒక టాకీసులో ముప్పై ఏళ్లు సినిమా మిషన్ నడిపిన ఆపరేటర్. ఒక మధ్యాహ్నం ఆయన సత్తయ్య వైపు తిరిగి, "తమ్మీ, ఒక సినిమా చెప్త, వింటవా?" అన్నారు.

"సినిమా సూసే మొకమా కాకా నాది?"

"సూసుడు కాదురా, వినుడే."

తప్పిపోయిన చెల్లెలి కోసం ఊరూరా తిరిగే లారీ డ్రైవర్ కథ మొదలుపెట్టారు. వాన పడే సీను వస్తే వేళ్లతో మంచం పట్టీ మీద చినుకులు వాయించారు. వార్డంతా చెవులు రిక్కించింది. సరిగ్గా లారీ బ్రేకులు పోయిన దగ్గర ఆయాసంతో ఆగి, "ఇంటర్వెల్" అన్నారు.

నాకు తట్టింది. "మిగిలిన సగం బోర్లా పండుకున్నోళ్లకే!" అని గట్టిగా అన్నాను.

ఎన్నో రోజుల తర్వాత ఆ వార్డులో నవ్వు విన్నాను. సత్తయ్య గొణుక్కుంటూనే బోర్లా తిరిగాడు. నలభై నిమిషాలు కదల్లేదు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్‌లో ఎనభై ఎనిమిది కాస్తా తొంభై మూడైంది.

మర్నాటి నుంచి రోజూ మ్యాట్నీ. మల్లేశం గారు పది నిమిషాలు చెప్పాలి, తర్వాత మాస్కు పెట్టుకుని ఆగాలి, ఆక్సీమీటర్ వేలికి ఉండాల్సిందే. ఇది నా షరతు. మూడోరోజు వార్డు ఇన్‌ఛార్జి మేడం చూశారు.

"ఇది వార్డా, టాకీసా? బంద్ చెయ్. లేకుంటే మెమో ఇస్త."

కేస్ షీట్లు చూపించబోయాను. ఆమె చూడలేదు.

"ఇయ్యండి మేడం. జవాబు రాస్త" అన్నాను.

మెమో, అంటే సంజాయిషీ అడిగే కాగితం, సాయంత్రానికే వచ్చింది. "అవును, సినిమా చెప్పించాను. బోర్లా పడుకున్నవారి ఆక్సిజన్ వివరాలు జతచేశాను. రేపు కూడా చెప్పిస్తాను" అని రాసి సంతకం పెట్టాను.

మ్యాట్నీ ఆగలేదు. రెండు రోజులకే మల్లేశం గారి ఆక్సిజన్ పడిపోయింది. నేనే మాట్లాడించి చంపుతున్నానా? డాక్టర్ స్కాన్ చూసి, జబ్బే ముదిరిందని, మాటల వల్ల కాదని చెప్పారు. అయినా నాకు ముద్ద దిగలేదు. ఆయనకు ఎక్కువ ఒత్తిడితో గాలి పంపే మిషన్ పెట్టాం. ఇక మాట లేదు.

మ్యాట్నీ వేళకు ఆయన వేలితో పట్టీ మీద కొట్టి సత్తయ్య వైపు చూశారు. సత్తయ్యకు అర్థమైంది.

"నాకు నీ లెక్క చెప్పరాదు కాకా" అంటూనే ఆ లారీ డ్రైవర్ కథే మొదలుపెట్టాడు. పోలీసును డాక్టర్ చేశాడు, చెల్లెలి పేరు మరిచాడు. మల్లేశం గారు వేలు అడ్డంగా ఊపితే అవతలి మంచాల వాళ్లు అందుకుని సరిదిద్దారు. ఆ మిషన్ హోరులో కథ సాగినంతసేపూ ఆయన బోర్లానే ఉన్నారు.

సత్తయ్య వారానికి ఇంటికి పోయాడు. మల్లేశం గారు ఇంకా పన్నెండు రోజులు పోరాడి, ఆక్సిజన్ సిలిండర్‌తో మెట్‌పల్లి చేరారు. బతికారు.

మెమో నా సర్వీసు ఫైల్లో అలాగే ఉంది. బతిమాలి తీయించుకోమన్నారు కొందరు. ఎందుకు తీయించుకోవాలి? మందు ఎంత ఇవ్వాలో నాకు చదువు నేర్పింది. ఆ మందు పనిచేసేదాకా మనిషిని మంచం మీద ఎలా నిలపాలో టాకీసు ఆపరేటర్ నేర్పారు. ఇప్పుడు కొత్త నర్సులు వస్తే ఒకటే చెప్తాను: "పేషెంట్ మాట వింటలేడని ఒర్రకుండ్రి. ఆయనకు ఏమిష్టమో అడుగుండ్రి. ఎవరన్న మెమో ఇస్తే నా పేరు చెప్పుండ్రి."