సిరిసిల్ల నుంచి జగిత్యాలకు ఒక సీసా నీళ్లు

ఈ ప్రయాణం గురించి స్టాఫ్ రూముల్లో, పెళ్లి బంతుల్లో చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ ఒక ముసలమ్మ అమాయకత్వంగా చెప్పి నవ్వించాను. జరిగింది వేరు. యాభై దాటాక ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నక్సలైట్ అన్నలు, పోలీసులు వంతులవారీగా ఊళ్లకు వచ్చిపోతున్న రోజులవి. నేను సిరిసిల్ల దగ్గర ఒక నేతకార్మికుల ఊళ్లో బడిపంతుల్ని. ఊరంతటికీ ఒకటే మంచినీళ్ల బావి. ఆ వానాకాలం పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మగ్గం నేసే మల్లేశం కూతురు లక్ష్మి సిరిసిల్ల ఆసుపత్రిలో ఉంది. బావి మూసి ట్యాంకరు పంపాలంటే, నీళ్లు చెడ్డవని జగిత్యాలలో పరీక్ష చేసి కాగితం ఇవ్వాలన్నారు మండలం ఆఫీసువాళ్లు. అక్కడివాళ్లే శుభ్రం చేసి, మూతికి కాగితం కట్టిన సీసా ఒకటి పంపారు. దాన్ని మల్లేశం తల్లి రాజవ్వకిచ్చి, "పొద్దున్నే బావి నీళ్లు నింపి ఉంచు" అని చెప్పి నా దారిన నేను వెళ్లిపోయాను.

మర్నాడు ఆరున్నరకు మల్లేశం, నేను బస్సెక్కాం. దారిలో కల్వర్టు పేలిందని జగిత్యాల బస్సు నడవడం లేదు. వేములవాడలో దిగి, ఇడ్లీ తిని, కోరుట్ల బస్సు పట్టుకున్నాం. పక్కసీట్లో కోళ్లగంపతో ఉన్న ఒకామె నా ఒళ్లో తడిగుడ్డ చుట్టిన సీసాను చూసింది.

"ఏ దేవుని తీర్థం సారూ అది?"

"బావి నీళ్లు."

"బావినీళ్లకు బస్సెందుకు?"

"గీ నీళ్లకు పానం మంచిగ లేదవ్వా. డాక్టరుకు చూపియ్య పోతున్నం" అన్నాడు మల్లేశం.

తొమ్మిదిన్నరకు కోరుట్ల పొలిమేరలో పోలీసులు బస్సు ఆపి మగవాళ్లందరినీ దింపారు. ఎస్సై సీసాను ఎండకు పెట్టి చూశాడు.

"ఏంది గిది?"

"మంచినీళ్లు సార్."

"అయితె తాగు."

"తాగడానికి కాదు సార్."

"మంచినీళ్లంటివి, తాగేటియి కాదంటివి. ఇంతకు ఏందిర ఇది?"

కల్వర్టులు పేలే రోజుల్లో ఆ దారిన వెళ్లేవాళ్లు చేతిలో సీసా పెట్టుకోకపోవడం మంచిదని అప్పుడే తెలిసింది.

కిటికీలోంచి కోళ్లామె అరిచింది. "జర తొందరగ తాగు సారూ, ఉక్కకు నా కోళ్లు సస్తున్నయ్!"

నేను తాగలేదు. ఊళ్లో పిల్లల్ని చూశాను కదా. మల్లేశం సీసా గుంజుకుని, కాగితం విప్పి, సగందాకా గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఏం గాదు సారూ, గట్ల భయపడుతరేంది? మా అవ్వ మసల మసల కాచింది. కొత్తబట్టల వడవోసింది. సీసా సుత కడిగింది. ఆఫీసరు సార్లు తాగుతరు గదా."

ఎస్సైకి నమ్మకం కుదిరింది. పరీక్షకు ఇక పనికిరాని సగం సీసాకు నేను మళ్లీ కాగితం కట్టాను.

బస్సు కదిలాక మల్లేశం నాకు వివరంగా చెప్పాడు. "మా నేత సొసైటీల గుడ్డ సూపియ్యాలంటె మరకలు తీసి, మంచిగ మడతవెట్టి ఇస్తం. మాసినది ఎట్లిస్తం సారూ? నీళ్లు గూడ గంతే గదా."

కోరుట్లలో బస్సు మారి జగిత్యాల చేరాం. అక్కడ నీళ్లు పరీక్ష చేసే ఆయన సంగతి విని సగం సీసాను పక్కన పెట్టాడు. "దీన్ని పరీక్షిస్తే మీ బావికి ఫస్టు ప్రైజు వస్తుంది" అన్నాడు. ఎలా నింపాలో ఊళ్లోవాళ్లకు చెప్పలేదా అని అడిగాడు. చెప్పానన్నాను. ఇన్నేళ్లుగా అదే అంటూ వచ్చాను. నేను చెప్పలేదు. రాజవ్వ అడగకపోవడం తప్పు కాదు. ఆమెకు తెలిసిన మర్యాద ఆమె చేసింది.

ఇంకో సీసా తీసుకుని, హోటల్లో భోజనం చేసి, రెండింటికి తిరుగు బస్సెక్కాం. కోరుట్ల దాటాక మల్లేశం అడిగాడు.

"సారూ, అవ్వ కాచిన నీళ్లకయితె మంచియని కాగితం అస్తుండెనా?"

"వచ్చేది."

"అంటె గవి తాగితె రోగం రాదు."

"రాదు."

నా ఒళ్లోని కొత్త సీసాను తన చేతిలోకి తీసుకున్నాడు. "సార్లకోసం కాచినం. పిల్లకు కాచలే."

నీళ్లు కాచి తాగాలనే పాఠం ఐదో తరగతికి ఏటా నేనే చెప్పేవాణ్ణి. లక్ష్మి అప్పటికి ఒకటో తరగతి.

చీకటిపడుతుండగా సిరిసిల్లలో దిగి ఆసుపత్రికి వెళ్లాం. లక్ష్మికి మెలకువ వచ్చింది. మంచం పక్కన ఊరి నుంచి తెచ్చిన చెంబు పట్టుకుని రాజవ్వ కూర్చుంది. "నీళ్లు" అంది పిల్ల. రాజవ్వ చెంబు వంచబోయింది.

"ఆగు రాజవ్వా" అన్నాను.

చెంబు తీసుకుని గేటు బయట టీకొట్టుకు వెళ్లాను. చాయ్‌పత్తా, చక్కెర ఏమీ వెయ్యకుండా ఉత్త నీళ్లు కాచిమ్మన్నాను. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూశాడు. అవి మరిగేదాకా పొయ్యి దగ్గరే నిలబడి, ఎందుకు కాచాలో బడి బయట మొట్టమొదటిసారి ఒక మనిషికి, ఆ కొట్టువాడికి, చెప్పాను.