హనుమండ్లు సారు ‘గివ్’ పాఠం

నిజాం పోయిన కొత్తలో ఇచ్చోడ ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పిన హనుమండ్లు సారుకు ఏ మాటైనా చేసి చూపిస్తే గాని తృప్తి ఉండేది కాదు. ‘గివ్’ అంటూ చాక్‌పీసు ఇచ్చాడు. ‘గివ్ వే’ అంటూ గోడకు ఒదిగి దారి విడిచాడు. ‘గివ్ ఇయర్’ అంటూ అరచేయి దొప్పలా పట్టి చెవి ఒగ్గాడు. ఇంగ్లీషులో అన్నీ గివ్వే! ఆఖరికి, ఆకలితో వచ్చిన పిల్లల ముందు తన జొన్నరొట్టెల మూట విప్పాడు. అది కరువు సంవత్సరం; నెల దాటినా పాఠం అక్కణ్నుంచి కదల్లేదు.

ఒక సాయంత్రం ఆయన గంజి గటగటా తాగుతుంటే భార్య సరోజన అడిగింది.

“పొద్దుగాల కట్టిన రొట్టెలు ఏమైనయ్?”

“పాఠం చెప్తుంటే పిలగాండ్లు తిన్నరు.”

సరోజన తెల్లారి రెండు మూటలు చేతిలో పెట్టింది.

“గిది పాఠానికి, గిది నీకు. నీదానితోని మల్ల పాఠం చెప్పకు!”